నాలుగింటి కరెంటు కోత

కరెంటు పోతే అందరి ఇళ్ళలో బల్బు ఆరిపోతుంది, ఫ్యాను ఆగిపోతుంది, అంతే. లక్ష్మణమ్మ ఇంట్లో మాత్రం అరుపు మొదలయ్యేది. అత్తగారు మరిడమ్మ మంచం పక్కనున్న ఆక్సిజన్ గాలి మిషను కీమని ఆగకుండా అరిచేది. అది వినగానే లక్ష్మణమ్మ పొయ్యి మీద కూర పొయ్యి మీదే వదిలేసి, వీధి చివరనున్న లైన్‌మేను నరసింగరావు ఇంటికి పరుగెత్తేది.

"బాబూ, ఎప్పుడొస్తాది?"

"కొమ్మ ఇరిగి తీగ మీద పడ్డాది. పావుగంట అనుకో," అనేవాడతను. "నువ్వొచ్చినా పావుగంటే, రాకపోయినా పావుగంటేనమ్మా. నీ పరుగుకి మీటరు బిగిస్తే ఊరందరికంటే నీదే పెద్ద బిల్లు."

ఆమెను నవ్వించాలని అతను అనేవాడు. ఆమెకు నవ్వు వచ్చేది కాదు. శ్రీకాకుళం పెద్దాసుపత్రి నర్సు చెప్పిన లెక్క ఒక్కటే ఆమెకు తెలుసు. మిషను ఆగితే మనిషిని కూర్చోబెట్టాలి. ఇరవై నిమిషాల దాకా ఓర్చుకుంటుంది. ఆ పైన చిన్న సిలిండరు తిప్పాలి. ఆ సిలిండరు ఒక పూటకు మించి రాదు. మళ్ళీ నింపించాలంటే శ్రీకాకుళం వెళ్ళాలి. తుఫాను వచ్చి రోడ్డు మీద చెట్లు పడితే ఎవరు వెళ్తారు, ఎలా వెళ్తారు? తిత్లీ తుఫానప్పుడు ఊరు పన్నెండు రోజులు చీకట్లో ఉంది. ఆ పన్నెండు లక్ష్మణమ్మ తలలో మేకులా దిగిపోయింది. పన్నెండు రోజులెక్కడ, ఒక పూట ఎక్కడ?

పరుగెత్తి తిరిగొచ్చేసరికి మరిడమ్మ గోడకానుకుని కూర్చుని ఉండేది. పెదాలు నేరేడు రంగుకు తిరిగి ఉండేవి. ఎదురుగా గూట్లో గంగమ్మ పటం దగ్గర అగరొత్తి వెలుగుతూ ఉండేది.

"కరెంటు బేగి రావాలని తల్లికి ఎలిగించినాను," అనేది ముసలామె, మాటకీ మాటకీ మధ్య ఊపిరి వెతుక్కుంటూ.

ఊపిరి అందని మనిషి లేచి దేవుడికి దణ్ణం పెట్టుకుంటోందే అని లక్ష్మణమ్మకు కళ్ళలో నీళ్ళు తిరిగేవి.

మరిడమ్మ గురించి తెలియనివాళ్ళు గంగులపేటలో లేరు. గట్టు దిగితే సముద్రం, గట్టెక్కితే వరిపొలాలు, మధ్యలో ఊరు. నలభై ఏళ్ళు ఆమె చేపల గంప నెత్తిన పెట్టుకుని ఆ గట్టెక్కింది. బస్సువాళ్ళు నీచువాసన అని గంప ఎక్కించుకునేవారు కారు. "నీ బస్సు నీచు కాదేటి, డీజిలు కంపు," అని తిట్టి నడిచిపోయేది. పొద్దున్న తొమ్మిదికల్లా ఏడు ఊళ్ళు తిరిగేది. నోట్లో ఎప్పుడూ అడ్డపొగ చుట్ట. ఆ వైపు ఆడవాళ్ళలో పెద్ద తరంవాళ్ళు తాగినట్టే, నిప్పున్న కొస లోపలికి, వట్టి కొస బయటికి. గాలికి నిప్పు ఆరదు, బూడిద చేపల మీద రాలదు, రెండు చేతులూ గంపకుంటాయి. పెదాలు మూసి, బుగ్గలు లోపలికి పీల్చుకుని, మాటతో పనిలేకుండానే బేరం చేసేది. ఒక "ఊఁ" అంటే సరే. రెండు "ఊఁ"లంటే, ఎల్లెల్లు, నీ మొహానికి కవళ్ళ చేపలే ఎక్కువ అని. ఏడూళ్ళ వాళ్ళకూ ఆ భాష వచ్చు. ఎదురుగా నిలబడ్డవాళ్ళకు కూడా ఆ నోట్లో నిప్పుందని తెలిసేది కాదు.

ఆ నిప్పే లోపల అంతా కాల్చుకుపోయింది. అరవై తొమ్మిదో ఏట గట్టు సగంలో కూలబడింది. ఆసుపత్రిలో పదిహేను రోజులుంచి, మిషను ఇచ్చి పంపుతూ డాక్టరు చెప్పాడు: "ఈ మిషను నడుస్తుండగా దగ్గరికి నిప్పు రాకూడదు. వచ్చిందంటే దిండు గడ్డివాములా అంటుకుంటుంది." మరిడమ్మ అక్కడే ఒట్టేసింది. నడుముకు దోపుకున్న చుట్టలు తీసి కోడలి చేతిలో పెట్టింది. లక్ష్మణమ్మ వాటిని ఆసుపత్రి వెనక కాలవలో పారేసి వచ్చింది.

మొగుడు కొండబాబు గుజరాత్‌లో, వెరావల్ బోట్ల మీద పనిచేస్తాడు. చేపలవేట ఆపే వానాకాలంలోనే ఇంటికొచ్చేది. ఆ వచ్చినప్పుడే ఇంటిమీద సోలారు పలకలు వేయించాడు. బిగించింది అతని పినతండ్రి కొడుకు ఈశ్వర్. సర్కారు సబ్సిడీ కొండబాబు ఖాతాలో పడింది కూడా. "ఇంక మనకి కరెంటు పోడమన్నదే నేదు, సూరీడు మనింటి లైన్‌మేను," అని తల్లితో చెప్పి రైలెక్కాడు.

అతను వెళ్ళిన పదో రోజు, మిట్టమధ్యాహ్నం, ఇసక మీద కాలు పెట్టలేనంత ఎండలో, మిషను కీమంది.

లక్ష్మణమ్మ వీధిలోకి వచ్చి పైకి చూసింది. పలకలు తళతళలాడుతున్నాయి. ఇంట్లో బల్బు లేదు. ఆ రోజు నరసింగరావు ఇంటికి కాదు, ఈశ్వర్‌కు ఫోను చేసింది.

"అదంతే వదినా," అన్నాడు ఈశ్వర్. "లైను పోతే పలకలు కూడా పనిసెయ్యవు. పనిసేస్తే మన కరెంటు ఎనక్కి తీగలోకి ఎల్లి, స్తంభం మీదున్నోడు సచ్చిపోడూ? అందుకని అదే ఆగిపోద్ది."

"మరి ఇన్నాళ్ళూ సెప్పవేటి?"

"అన్నయ్య అడగనేదు. బిల్లు తగ్గుతాదా అని అడిగినాడు, తగ్గుతాదన్నాను. కరెంటు పోయినప్పుడు కావాలంటే బ్యాటరీ పెట్టె ఉండాలి. పెట్టెకి సబ్సిడీ నేదంట, ఇప్పటికైతే. బేంకోళ్ళు సోలారు లోనులో కలిపి తక్కువ వడ్డీకి ఇస్తన్నారు. కాకపోతే బీమా కాయితాలూ అవీ ఇంట్లో ఉన్న మనిషి సంతకం పెట్టాలి."

ఇంట్లో ఉన్న మనిషంటే లక్ష్మణమ్మే. రెండో తరగతితో బడి మానేసిన మనిషి. బ్యాంకులో భారతి అనే మేనేజరమ్మ కాగితాలు తిప్పుతూ అడిగింది: "బ్యాటరీ ఎందుకమ్మా? ఈ ఊళ్ళో ఇంతవరకూ ఎవరూ అడగలేదు."

లక్ష్మణమ్మ కొంగు మెలితిప్పుకుంటూ అంది: "మా అత్త ఊపిరికండి."

మేనేజరమ్మ తల ఎత్తి చూసి, కాగితాలు ఆమె ముందుకు జరిపింది. వెంట వచ్చిన ఈశ్వర్ ఒక కాగితం చదివి వినిపించాడు. పెట్టె పొయ్యికి దూరంగా ఉండాలి. నీళ్ళు తగలకూడదు. దగ్గర్లో నిప్పు ఉండకూడదు.

"ఇంట్లో పొగతాగేవోళ్ళెవరూ నేరు గదా వదినా?"

"నేరు. మా అత్త మానీసింది."

అక్షరానికో నిమిషం చొప్పున ఆమె కింద తన పేరు రాసింది.

పెట్టె వచ్చింది. తెల్లగా, మనిషి ఛాతీ అంత. ఇన్వర్టరు కూడా మార్చి, వసారా గోడకు బిగించారు. మరునాడే కరెంటు పోయింది. మిషను అరవలేదు. బల్బు రెప్ప కూడా వేయలేదు. బయట పిల్లలు వీధిలోకి వస్తే గానీ కరెంటు పోయిందని లక్ష్మణమ్మకు తెలియలేదు. నరసింగరావు వీధిలో కనబడి, "ఏటమ్మా, మా ఇంటి దారి మరిసిపోనావు," అన్నాడు.

భయం పోయిందనుకుంటే పొరపాటు. భయం ఇల్లు మారింది, అంతే. బ్యాటరీ బండ్లు ఛార్జింగులో పేలిపోయిన బొమ్మలు ఎవరో ఆమెకు ఫోనులో చూపించారు. అప్పటినుంచి ఆ పెట్టె ఆమె కళ్ళకు పెట్టెలా లేదు. గోడకు వేలాడుతున్న కుంపటిలా ఉంది. దాని ముందు ముగ్గేసి నిమ్మకాయ పెట్టింది. పూటకోసారి అరచెయ్యి ఆనించి చూసేది. అత్త ఊపిరి కోసం ఇంటిమీదకు చితి తెచ్చి పెట్టానేమో అనుకునేది. ఆ మాట పైకి అనకూడదని వెంటనే నాలిక కరుచుకునేది.

అప్పుడే వాసన మొదలైంది.

మొదటిసారి కూర మాడిందనుకుంది. రెండోసారి పొయ్యి వెలిగించనే లేదు. పల్చగా, చేదుగా, ఏదో కాలుతున్న వాసన. వసారాలోకి పరుగెత్తి పెట్టె మీద చెయ్యి వేసింది. చల్లగానే ఉంది. అయినా ఈశ్వర్‌కు ఫోను చేసింది. అతనొచ్చి మూత విప్పి చూసి, తీగలు లాగి చూసి, మళ్ళీ బిగించాడు.

"వదినా, ఇది నీకంటే సల్లగుంది."

మూడోసారి పిలిచినప్పుడు మాత్రం అతనికి విసుగొచ్చింది. "దీనికేటి రోగం నేదు. నీకే భయం రోగం పట్టింది. పెద్దమ్మని అడుగు, ఆవిడికి వాసనొస్తందేమో."

మంచం మీద మరిడమ్మ, పక్కన ముక్కాలిపీట మీద ఆమె స్నేహితురాలు తాతమ్మ ఉన్నారు. తాతమ్మ కూడా చేపలమ్మిన మనిషే. మరిడమ్మతో కలిసి గట్టెక్కిన తోడు. రోజూ మధ్యాహ్నం వచ్చి కూర్చుని వెళ్తుంది.

"నాకే వాసనా రానేదు," అంది మరిడమ్మ. "నలభయ్యేళ్ళు సేపలు మోసిన ముక్కు. దానికి వాసనేటి తెలుస్తాది?"

తాతమ్మ కిసుక్కున నవ్వి, మొల దగ్గర చీర సర్దుకుని లేచింది. ఆ నవ్వు లక్ష్మణమ్మకు అర్థం కాలేదు.

కార్తీకం దగ్గరపడుతుండగా తుఫాను వార్త వచ్చింది. బోట్లు ఒడ్డెక్కించారు. తీరం పక్కనున్నవాళ్ళను బడిలోకి రమ్మన్నారు. మిషనును, మనిషిని బడికి ఎలా మోస్తాం, ఇల్లు శ్లాబే కదా, ఇక్కడే ఉంటాం అంది లక్ష్మణమ్మ. వెరావల్ నుంచి కొండబాబు గంటకోసారి ఫోను చేశాడు. అతనికి "బాగానే ఉన్నాది" అని చెప్పి, ఫోను పెట్టేసి ఆమె గోడకు ఆనుకునేది.

పగలు రెండు గంటలకు గాలి పెరిగింది. తలుపులు, కిటికీలు బిగించి సందుల్లో గుడ్డలు కుక్కింది. రెండున్నరకు ఎక్కడో పెద్ద చప్పుడైంది. ఇన్వర్టరు మీద లైను ఉందని చూపే దీపం పోయింది. ఊరంతా కరెంటు పోయిందన్నమాట. గాలి మిషను మాత్రం గుర్రు గుర్రుమని నడుస్తూనే ఉంది. లక్ష్మణమ్మ వసారాలో నేలమీద కూలబడి, పెట్టెకు రెండు చేతులూ జోడించింది. చాలా రోజుల తరువాత గుండెల నిండా గాలి పీల్చుకుంది.

ఆ పీల్చుకున్న గాలిలో వాసన ఉంది.

పెట్టె మీద చెయ్యి వేసింది. చల్లగా ఉంది. చెవి ఆనించింది. చప్పుడు లేదు. తలుపులన్నీ బిగించి ఉండడంతో వాసన ఈసారి ఎటూ పోలేదు, ఒక దారిలో వచ్చింది. ఆ దారి పట్టుకుని ఆమె లోపలికి వెళ్ళింది. అది అత్త మంచం దగ్గర ఆగింది.

మరిడమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

"అత్తా, భయంగా ఉన్నాదేటి?"

"ఊఁ."

"మంచినీళ్ళు తాగుతావా?"

"ఊఁ, ఊఁ."

ఏడూళ్ళు తిరిగిన ఆ భాష లక్ష్మణమ్మకు కూడా తెలుసు. చుట్ట నోట్లో ఉంటేనే ఆ మనిషి ఆ భాష మాట్లాడేది. వంగి చూసింది. బుగ్గలు లోపలికి పోయి ఉన్నాయి. పెదాల మధ్య అరంగుళం వట్టి కొస కనబడుతోంది. దానికి పైన, రెండు వేళ్ళ దూరంలో, ముక్కులోకి గాలి పోస్తున్న గొట్టం. పెదవి చివర సన్నగా పొగ.

లక్ష్మణమ్మ అరుద్దామని నోరు తెరిచి, మూసుకుంది. అరిస్తే ఆమె ఉలిక్కిపడుతుంది. ఉలిక్కిపడితే నోరు తెరుస్తుంది. తెరిస్తే నిప్పు గాలిని కలుస్తుంది.

"సరేలే, పడుకో," అంది. ఆ గొంతు తనదేనా అనిపించింది. "తాతమ్మ పిన్ని ఇంటి రేకులు ఎగిరిపోనాయంట. నిన్ననే సెప్పినాను, బరువు పెట్టుకో అని. ఇన్నాదా?"

మాట్లాడుతూనే గోడ వైపు నడిచింది. నాలుగడుగులు. ఏ మిషను ఆగిపోతుందని ఇన్నాళ్ళు పరుగెత్తిందో, ఏ మిషను ఆగకూడదని బ్యాంకు కాగితాల మీద పేరు రాసిందో, ఆ మిషను ప్లగ్గును తన చేత్తోనే పీకేసింది.

మిషను కీమంది.

మరిడమ్మ ఇటు తిరగబోయింది. "కదలకత్తా," అని లక్ష్మణమ్మ ఆమె చెవుల మీదుగా గొట్టం తీసి అవతల పారేసింది. దిండు లాగేసింది. నీళ్ళ గిన్నె గడ్డం కింద పెట్టింది. "ఇందులో ఉమ్ము."

ముసలామె ఒక్క క్షణం కోడలి కళ్ళలోకి చూసింది. తరువాత చిన్నపిల్లలా ఉమ్మేసింది. చుట్ట నీళ్ళలో చుయ్యిమంది.

లాగేసిన దిండు తిరగబడి కిందపడింది. దాని అడుగున రూపాయి బిళ్ళంత నల్లటి కన్నం ఉంది. అంచులు మాడి బిరుసెక్కి ఉన్నాయి. ఇది మొదటిసారి కాదన్నమాట. ఎప్పుడో ఒకసారి అంటుకుంది, ఎలాగో ఆరింది, తిప్పి వేసుకుంది.

దాన్ని చూస్తూ కూర్చోవడానికి తీరిక లేదు. మరిడమ్మ పెదాలు నేరేడు రంగుకు వస్తున్నాయి. గదిలో గాలి, పొగ కలిసి ఉన్నాయి. ఇప్పుడే మిషను వేస్తే ఏమవుతుందో తెలియదు. వేయకపోతే ఏమవుతుందో తెలుసు. కిటికీ గడియ లాగేసింది. తుఫాను గదిలోకి దూకింది. పటాలు పడ్డాయి, దుప్పటి ఎగిరింది, ఇద్దరూ తడిసిపోయారు. అత్తను తన ఛాతీకి ఆనించి కూర్చోబెట్టుకుని లెక్కపెట్టింది. ఆమెకు వచ్చిన లెక్క నూరు దాకానే. నూరు అయ్యాక మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టింది. రెండో నూరు కాగానే కిటికీ మూసి, తడి చీర మార్చి, గొట్టం పెట్టి, ప్లగ్గు గుచ్చింది.

గుర్రుమంది. కొంతసేపటికి ముసలామె పెదాలు మళ్ళీ మనిషి పెదాలయ్యాయి.

"ఒట్టేసినావు కదత్తా."

"ఏసినాను." మరిడమ్మ గోడను చూస్తూ అంది. "మిషను నడుస్తండగా వద్దన్నాడు డాట్రు. నడవనప్పుడు వద్దననేదు. కరెంటు పోయినప్పుడల్లా నువ్వు ఆ లైన్‌మేను ఇంటికి ఉరికేదానివి గదా. అప్పుడు ఎలిగించీదాన్ని. నువ్వొచ్చీలోగా అయిపోయేది. ఆపైన అగరొత్తి."

లక్ష్మణమ్మ కిందపడ్డ గంగమ్మ పటం తీసి గూట్లో పెట్టింది.

"నీ పెట్టె వచ్చినాక కరెంటు పోడమే నేదు. మిషను ఒక్కపాలీ ఆగదు. నానెప్పుడు తాగాలే గుంటా? పది రోజులు సూసినాను. ఇరవై రోజులు సూసినాను. నోరు పిచ్చెక్కిపోనాది. నిప్పు లోనే ఉంటాది గదా, బయటికి రాదు గదా అనుకున్నాను."

"దిండు కాలినప్పుడైనా సెప్పొచ్చుగా."

"సెప్తే నువ్వు తాతమ్మని ఇంట్లోకి రానిస్తావేటి?"

బయట ఏదో రేకు ఎగిరి గోడకు తగిలింది. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. మరిడమ్మ కోడలి చెయ్యి వెతుక్కుని పట్టుకుంది. ఆ పూటంతా వదల్లేదు.

ఊళ్ళోకి కరెంటు ఆరో రోజుకు వచ్చింది. ఆ ఆరు రోజులూ ఎండ కాసినంతసేపు పలకలు పెట్టెను నింపాయి, పెట్టె మిషనును నడిపింది. ఊళ్ళోవాళ్ళు ఫోన్లు ఛార్జింగుకు తెచ్చి వసారాలో వరసగా పెట్టేవారు. అందరూ లక్ష్మణమ్మను మెచ్చుకున్నారు. దిండు సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. కొండబాబుకు కూడా.

కానీ తాళంచెవి ఎక్కడ దాచినా దొంగకు తెలుస్తుంది. తాతమ్మను ఆపితే ఇంకొకరు తెస్తారు. ఎప్పుడు, ఏ గడియలో ఆ నోట్లో నిప్పు ఉంటుందోనని బతకడం ఆమె వల్ల కాలేదు. చివరికి ఒకరోజు సాయంత్రం నాలుగింటికి మిషను ప్లగ్గు తనే తీసింది. అది అరిచింది. గొట్టం తీసి లోపలే ఉంచి, అత్తకు గాలి పట్టిన చీర మార్చి, చెయ్యి పట్టి నడిపించుకుంటూ పెరట్లో, ఇంటికి దూరంగా, గాలి ఆడేచోట పీట మీద కూర్చోబెట్టింది. తన చేత్తోనే ఒక చుట్ట, అగ్గిపెట్టె ఇచ్చింది.

"కరెంటు పోనాది," అంది. "పది నిమిషాలు."

మరిడమ్మ అగ్గిపుల్ల గీసింది.

డాక్టరుకు తెలిస్తే తిడతాడని లక్ష్మణమ్మకు తెలుసు. ఏ వేళ వస్తుందో తెలియని భయం కంటే, వేళ తెలిసిన భయం నయం అనుకుంది. రోజూ నాలుగింటికి ఆమె ఆ ఇంటికి కరెంటు తీసేది. పెరట్లో నిలబడి అత్త పెదాల రంగు చూస్తూ నూరు లెక్కపెట్టేది, మళ్ళీ నూరు, మళ్ళీ నూరు. ఆ మూడు నూర్లలో ఆమె రోజుకోసారి చచ్చి బతికేది.

ఒకరోజు అగ్గిపెట్టె ఇవ్వబోతే ముసలామె చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దులే. నీ మొకం సూడనేకపోతన్నాను. ఒట్టిది సాలు."

నిప్పులేని చుట్టను అలవాటు కొద్దీ తిరగేసే నోట్లో పెట్టుకుంది. పెదాలు మూసింది, బుగ్గలు పీల్చుకుంది. మిషను లేని ఆ కాసేపట్లో గట్టు కింద సముద్రం వినబడింది. ఇంట్లో గుర్రు గుర్రు చప్పుడులో పడి ముసలామె దాన్ని ఎన్నాళ్ళుగానో వినలేదు.

"బాగున్నాదేటత్తా?"

"ఊఁ."

ఆ తరువాత నిప్పు అడగలేదు. నాలుగింటి కోత మాత్రం ఒక్కరోజు మానలేదు. సంక్రాంతి వెళ్ళిన నెలకు, ఒక మధ్యాహ్నం భోజనం వేళ, మిషను నడుస్తుండగానే, నిద్రలోనే మరిడమ్మ వెళ్ళిపోయింది. పెట్టె నిండా కరెంటు ఉంది. కోడలు పక్కనే కూర్చుని చేపలు తోముతోంది. ఎక్కడా ఏ అరుపూ లేదు. అందుకే ఆమెకు వెంటనే తెలియలేదు.

మిషను ఆసుపత్రికి తిరిగి ఇచ్చేశారు. లోను ఇంకా నడుస్తోంది. పెట్టె గోడకు ఉంది. కరెంటు పోయినా లక్ష్మణమ్మ ఇంట్లో బల్బు రెప్ప వేయదు. నాలుగయ్యేసరికి మాత్రం ఆమె ఏ పనిలో ఉన్నా లేచి, గోడ దగ్గరికి వెళ్ళి, ఏమీ గుచ్చి లేని ఆ ప్లగ్గు పాయింటు మీద చెయ్యి వేస్తుంది. పెరట్లోకి వెళ్ళి, ఖాళీ పీట పక్కన నిలబడి, నూరు లెక్కపెడుతుంది.